కార్బన్-14 గాలిలోంచి సముద్రం అడుగుకు ఎలా చేరుతుంది? ల్యాప్‌టాప్‌లో మీరే లెక్కేయండి

"అన్నా, కార్బన్-14 మోడల్ వేయాలంటే సూపర్ కంప్యూటర్ కావాలా?" వారానికి ఒకరైనా ఇది అడుగుతున్నారు. ఎక్కువమంది ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్లలు. కొందరు చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో ఇలాంటివి కెలికేవాళ్లు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కార్బన్-14 అంటే కాస్మిక్ కిరణాల వల్ల గాలిలో పుట్టి, మెల్లగా క్షయమైపోయే రేడియోధార్మిక కార్బన్. దాని లెక్కకు సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు. చాలావరకు ఎక్సెల్ సరిపోతుంది. 1957లో హార్మన్ క్రెయిగ్ ఒకవైపు, రోజర్ రెవెల్, హాన్స్ స్యూస్ ఇంకోవైపు, జేమ్స్ ఆర్నాల్డ్, ఎర్నెస్ట్ ఆండర్సన్ మరోవైపు వేసింది ఈ లెక్కే. గాలి ఒక తొట్టి, సముద్రం ఒకటో రెండో తొట్లు అనుకున్నారు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఏడాదికి ఎంత పోతోందో చూశారు. ఇంగ్లిష్‌లో దీన్ని బాక్స్ మోడల్ అంటారు. నాకు తొట్టి అనడమే బాగుంటుంది.

వేలచ్చేరిలో మా ఇంటి నీళ్ల కథ తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. మేడ మీద చిన్న ఓవర్‌హెడ్ ట్యాంకు, కింద సంపు, వాటి వెనక ఎక్కడో ఊరి చెరువు. ట్యాంకులో నీళ్లు పూటకోసారి మారతాయి, సంపులో రెండు మూడు రోజులకు. చెరువు నీరు మారాలంటే ఏళ్లు పడుతుంది. గాలి మన ఓవర్‌హెడ్ ట్యాంకు, సముద్రం పై 100 మీటర్లు సంపు, ఆ కింద ఉన్న లోతు నీరంతా చెరువు. ఇంతకు మించి సిద్ధాంతం చెప్పను.

కావలసినవి

ల్యాప్‌టాప్. ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ. 8వ మెట్టుకు మాత్రం పైథాన్ లాంటిది ఉండాలి. మొదటి ఏడు మెట్లకు ఒక సాయంత్రం, మిగతావాటికి ఒక ఆదివారం. వీటితో పాటు కింది అంకెలు:

- కార్బన్-14 అర్ధాయువు 5730 ఏళ్లు. 0.693ను 5730తో భాగిస్తే ఏడాదికి 0.000121. క్షయం రేటు ఇదే.
- పారిశ్రామిక యుగానికి ముందు కార్బన్ నిల్వలు, గిగాటన్నుల్లో (ఒక గిగాటన్ను అంటే 100 కోట్ల టన్నులు): గాలి 600, నేల 1500, పైనీరు 900, అడుగునీరు 37,000.
- ఏడాదికి మార్పిడి, గిగాటన్నుల్లో: గాలి–పైనీరు 70, గాలి–నేల 25, పైనీరు–అడుగునీరు 35. పోయేది ఎంతో వచ్చేదీ అంతే.

నేల అంకె మీద ఒక మాట. మొక్కలు ఏడాదికి దాదాపు 60 గిగాటన్నులు కట్టుకుంటాయని పుస్తకాల్లో ఉంటుంది, నేను 25 అన్నాను. ఆకూ గడ్డీ పట్టుకున్న కార్బన్ ఏడాది రెండేళ్లలో తిరిగి గాలిలోకే వచ్చేస్తుంది, కాబట్టి దాన్ని గాలి కిందే జమ కట్టాను. చెక్క, మట్టి లాంటి నిదానపు భాగం మాత్రమే ఇక్కడి నేల. మొదటిసారి నేను 60 పెట్టాను. బాంబు గ్రాఫ్ (అణు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 గీత, 5వ మెట్టులో వస్తుంది) కొలతల కన్నా చాలా వేగంగా కిందికి జారింది. తప్పు సముద్రం వైపు ఉందనుకుని రెండు రాత్రులు అక్కడే తవ్వాను.

1. ముందు యూనిట్ ఖాయం చేసుకోండి

సగం మంది ఇక్కడే బోల్తా పడతారు. కొలతలన్నీ నిష్పత్తుల్లో ఉంటాయి, అంటే మొత్తం కార్బన్‌లో కార్బన్-14 ఎంత అని. తొట్లోంచి తొట్లోకి నడిచేది మాత్రం అణువులు. నిష్పత్తులను నేరుగా కూడి తీసేస్తే లెక్క పాడవుతుంది. 900 గిగాటన్నుల తొట్టిలో 0.1 పెరగడం, 37,000 తొట్టిలో 0.1 పెరగడం ఒకటి కాదు కదా.

అందుకని ఇలా చేయండి. పారిశ్రామిక యుగానికి ముందటి గాలి నిష్పత్తిని 1 అనుకోండి. ఆ నిష్పత్తి ఉన్న ఒక గిగాటన్ను కార్బన్‌లో ఎంత కార్బన్-14 ఉంటుందో అది ఒక యూనిట్. ప్రామాణిక నిష్పత్తి 1.176 × 10⁻¹² కాబట్టి ఒక యూనిట్ అంటే 5.9 × 10²⁵ అణువులు. షీట్‌లో యూనిట్లే నడపండి. నిష్పత్తి కావాలంటే యూనిట్లను ఆ తొట్టి కార్బన్‌తో భాగించండి. డెల్టా కావాలంటే నిష్పత్తిలోంచి 1 తీసేసి వెయ్యితో గుణించండి. వచ్చేది పర్ మిల్, అంటే వెయ్యికి ఇంత.

2. నిలకడ స్థితిని చేత్తో లెక్కేయండి

బాంబుల జోలికి పోకముందు, వేల ఏళ్లుగా కుదురుకున్న ప్రపంచం ఎలా ఉండేదో తెలియాలి. పెన్నూ కాగితం చాలు. గాలి నిష్పత్తి 1 అని పట్టుకుని వరసగా:

అడుగునీరు: ఏటా క్షయం 37,000 × 0.000121, అంటే 4.476. అడుగునీటి నిష్పత్తి పైనీటి నిష్పత్తిలో 35 ÷ (35 + 4.476) వంతు, అంటే 0.8866.

పైనీరు: సొంత క్షయం 0.109, కిందికి పోయేది 4.476 × 0.8866. రెండూ కలిపితే 4.077. నిష్పత్తి 70 ÷ (70 + 4.077) = 0.945.

అడుగునీటి అసలు నిష్పత్తి: 0.945 × 0.8866 = 0.838.

నేల: 25 ÷ (25 + 0.181) = 0.993.

ఇప్పుడు షీట్‌లో మొదటి వరస నింపండి: గాలి 600, నేల 1489.2, పైనీరు 850.5, అడుగు 30,999. మొత్తం 33,939 యూనిట్లు. ప్రపంచంలోని కార్బన్-14లో నూటికి 91 వంతులు లోతు నీటిలోనే ఉందన్నమాట. అంతా కలిపి తూకం వేస్తే 47 టన్నుల లోపే. నాలుగు టిప్పర్లలో పట్టేస్తుంది.

3. నిలకడ స్థితిని సరిచూడండి

మూడు పరీక్షలున్నాయి. మూడూ దాటనిదే ముందుకు పోకండి.

పైనీటి వయసు: 8033ను (ఈ అంకె ఎక్కడిదో చివర్లో, అర్ధాయువుల దగ్గర చెబుతాను) 0.945 సహజ లాగరిథమ్‌తో గుణించి మైనస్ తీసేయండి. 455 ఏళ్లు వస్తుంది. సముద్రపు పైనీరు గాలి కన్నా సుమారు 400 ఏళ్ల పాతదిగా కనిపిస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. చోటును బట్టి మారుతుంది కాబట్టి మన అంకె ఫరవాలేదు. మార్పిడి 70 బదులు 80 పెట్టి చూడండి, సరిగ్గా 399 వస్తుంది. అది చూసి ఎగిరి గంతేయకండి. ఒక మీట తిప్పి ఒక అంకెను కలిపినంత మాత్రాన ఆ మీటే నిజమని కాదు. ఇక్కడ 70తోనే నడుద్దాం.

అడుగునీటి డెల్టా: 0.838 అంటే మైనస్ 162. ఉత్తర అట్లాంటిక్ లోతుల్లో మైనస్ 70 దగ్గర, ఉత్తర పసిఫిక్ లోతుల్లో మైనస్ 240 దగ్గర కొలిచారు. మన ఒక్క తొట్టి ఆ రెంటి మధ్యా పడాలి. పడింది.

తయారీ: ఏటా క్షయమైనంత కొత్తగా పుట్టాలి. నాలుగు తొట్ల క్షయం కూడితే 4.106 యూనిట్లు, అంటే ఏడాదికి ఐదున్నర కిలోల పైచిలుకు. దీన్ని భూమి ఉపరితలానికి, ఏడాదిలోని సెకన్లకు పంచితే చదరపు సెంటీమీటరుకు సెకనుకు 1.5 అణువులు. కాస్మిక్ కిరణాల వైపు నుంచి వేసిన అంచనాలు 1.6 నుంచి 2 దాకా ఉంటాయి. మనం సముద్రపు అడుగు మట్టిని లెక్కలోకి తీసుకోలేదు, కాబట్టి కాస్త తక్కువ రావడమే న్యాయం. మీకు 15 గానీ 0.15 గానీ వచ్చిందంటే యూనిట్ల దగ్గర ఎక్కడో పదితో గుణకారం తప్పింది.

చేత్తో కాకుండా కంప్యూటర్‌తోనే నిలకడకు తేవాలనుకునేవాళ్లకు హెచ్చరిక. తయారీని స్థిరంగా పెట్టి, ఏవో అంకెలతో మొదలుపెట్టి, వెయ్యేళ్లు నడిపి "కుదిరింది" అనకండి. మొత్తం నిల్వ సర్దుకునే కాలం 8267 ఏళ్లు. కనీసం 40,000 ఏళ్లు నడపాలి. గాలి నిష్పత్తిని లెక్కలో ప్రతి ఏడాదీ 1కి బిగించి నడిపితే త్వరగా కుదురుతుంది. నేను అదే చేస్తాను.

4. ఏడాదికో వరస రాయండి

కాలమ్‌లు ఇవి: సంవత్సరం, గోడౌన్, గాలి, నేల, పైనీరు, అడుగు, మొత్తం. గోడౌన్ సంగతి 5వ మెట్టులో చెబుతాను, ఇప్పటికి సున్నాలు పెట్టండి.

కొత్త గాలి = పాత గాలి + తయారీ 4.106 + గోడౌన్ నుంచి వచ్చింది − 70 × (గాలి నిష్పత్తి − పైనీటి నిష్పత్తి) − 25 × (గాలి నిష్పత్తి − నేల నిష్పత్తి) − గాలి క్షయం.

కొత్త పైనీరు = పాత పైనీరు + 70 × (గాలి − పైనీరు) − 35 × (పైనీరు − అడుగు) − పైనీటి క్షయం. బ్రాకెట్లలో ఉన్నవి నిష్పత్తులే.

నేలకూ అడుగుకూ ఇదే పద్ధతి.

కుడివైపు వాడేవన్నీ పై వరసలోని పాత విలువలే కావాలి. గాలికి కొత్త విలువ కట్టి, దాన్నే పైనీటి లెక్కలో వాడితే, గాలిలోంచి పోయినదీ నీటిలోకి చేరినదీ సరిపోవు. అణువులు గాల్లో మాయమవుతాయి, లేదా ఊరికే పుడతాయి.

ఇప్పుడు బాంబులు లేకుండా 50 వరసలు కిందికి లాగండి. ఏ అంకే కదలకూడదు. మూడో దశాంశ స్థానం దగ్గర కాస్త వణికితే వదిలేయండి. గాలి 600 నుంచి 590కి జారిందంటే ఎక్కడో గుర్తు తిరగబడింది. ఈ బోసి పరీక్ష చేయకుండా నేరుగా బాంబులు పెట్టినవాళ్లే తర్వాత "గ్రాఫ్ ఎందుకో వంకరగా వస్తోంది" అని రాస్తారు.

లెక్కలో ఒక్కో వరసకు తీసుకునే కాలాన్ని, అంటే మెట్టు పొడవును, ఏడాది దాటించకండి. వరసలు తగ్గుతాయి కదా అని పదేళ్ల మెట్టు పెడితే గాలి ఒకసారి పైకి, ఒకసారి సున్నా కిందికి ఊగుతూ, ప్రతి ఊపుకూ పెద్దదవుతూ పేలిపోతుంది. ఐదేళ్లు పెడితే పేలదు, కానీ ఊగుతుంది. కార్బన్ మైనస్‌లోకి పోయిన గ్రాఫ్‌ను "ప్రకృతిలో డోలనాలు" అని రిపోర్టులో రాసి గైడ్‌కు ఇచ్చిన పుణ్యాత్ముడు ఒకడున్నాడు. అది నేనే.

5. బాంబులు పెట్టండి

గాలిలో జరిగిన అణు పరీక్షల వల్ల పుట్టిన కార్బన్-14 మొత్తం సుమారు 6 × 10²⁸ అణువులు. మన లెక్కలో దాదాపు 1000 యూనిట్లు, బరువులో 1.4 టన్నులు. ఎక్కువ భాగం 1961, 1962 పరీక్షలది. 1963 ఆగస్టులో పాక్షిక నిషేధ ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి.

నేను ఇలా పంచాను: 1954 నుంచి 1958 దాకా ఏటా 60, 1961లో 250, 1962లో 450. ఇది నా సర్దుబాటు, ఎవరూ కొలిచింది కాదు. మీ రిపోర్టులోనూ ఆ మాట రాయండి.

నేరుగా గాలి తొట్టిలో పోస్తే 1962 చివరికే డెల్టా 1300 దాటి, వెంటనే పడిపోతుంది. నిజంలో అలా జరగలేదు. పెద్ద బాంబుల మేఘాలు స్ట్రాటోస్ఫియర్‌లోకి పోయి, అక్కణ్నుంచి రెండు మూడేళ్లలో మెల్లగా దిగాయి. అందుకే గోడౌన్. బాంబు యూనిట్లను గోడౌన్‌లో పడేయండి. ప్రతి ఏడాదీ, అంతకుముందు ఏడాది చివర గోడౌన్‌లో ఉన్నదాంట్లో సగం గాలిలోకి వదలండి. మొత్తం కాలమ్‌లో గోడౌన్‌ను కూడా కలపడం మరవొద్దు. చాలామంది మరుస్తారు.

6. మీకు రావలసిన అంకెలు

ఏడాది చివరి విలువలు, గాలి డెల్టా: 1964లో 1020 దగ్గర శిఖరం, 1970లో 645, 1980లో 370. పైనీటిలో బాంబు వాటా 1972 దగ్గర 351 యూనిట్ల వద్ద శిఖరానికి చేరుతుంది. నెలవారీ మెట్టు వాడితే కాస్త తేడా వస్తుంది, కంగారు పడకండి. శిఖరం 1962లో వచ్చిందంటే గోడౌన్ పనిచేయడం లేదు. 500లోనే ఆగిపోయిందంటే గోడౌన్‌ను రెండుసార్లు సగం చేశారు.

7. కొలతలతో పోల్చండి

అసలు మజా ఇక్కడే. ఆస్ట్రియాలోని ఫెర్ముంట్‌లోనూ, న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లోనూ అప్పటి గాలిని కొలిచారు. ఉత్తరార్ధగోళంలో శిఖరం 1963–64లో, 1000కి కాస్త లోపు. దక్షిణాన అంత ఎత్తుకు పోలేదు, పైగా ఏడాది ఆలస్యం. ఉత్తరాన 1970లో 530 దగ్గర, 1980లో 270 దగ్గర.

మన 645, 370 ఎక్కువే. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. మనం గాలిలో కార్బన్ 600 అని బిగించేశాం. 1964లో కార్బన్ డయాక్సైడ్ 320 పీపీఎం దగ్గర ఉంది. ఒక పీపీఎం అంటే 2.12 గిగాటన్నులు, కాబట్టి గాలిలో 678 ఉన్నట్టు. బాంబు యూనిట్లను ఆయా ఏళ్ల అసలు కార్బన్‌తో భాగించండి. 1964కు 900, 1970కి 560, 1980కి 310. ఒక్క సవరణతో ఎంత దగ్గరికి వచ్చిందో చూడండి. మిగిలిన తేడాకు 9వ మెట్టులో జవాబు ఉంది.

గాలి కుదిరింది కదా అని షీట్ మూసేయకండి. సముద్రాన్ని చూడండి. 1972లో పైనీటి బాంబు వాటా 351 యూనిట్లు, 900తో భాగిస్తే 0.39. పాత 0.945కు కలిపితే 1.335, అంటే డెల్టా ప్లస్ 335. పగడాలు ఏటేటా కట్టుకున్న పొరల్లో 1970ల నాటి పైనీటి డెల్టా చాలాచోట్ల 100 నుంచి 200 మధ్యే ఉంది. మనది దాదాపు రెట్టింపు!

ఇంకో విచిత్రం. 1970లలో జియోసెక్స్ ఓడలు సముద్రాలన్నీ తిరిగి నీటిని పట్టి కొలిచాయి. ఆ కొలతల నుంచి, 1970ల మధ్యకు సముద్రంలో చేరిన బాంబు కార్బన్ మొత్తం 2.5 నుంచి 3 × 10²⁸ అణువుల మధ్య ఉంటుందని లెక్క కట్టారు. మన మోడల్‌లో 1975 చివర పైనీరు 338, అడుగు 143, కలిపి 481 యూనిట్లు, అంటే 2.8 × 10²⁸. మొత్తం సరిపోయింది, లోతు సరిపోలేదు. మొత్తం ఎన్ని నీళ్లు వచ్చాయన్న లెక్క కరెక్టుగానే ఉంది, కానీ చాలావరకు సంపులోనే నిలిచిపోయాయి, చెరువు వైపు కదలడం లేదు.

"35 పెంచేస్తే పోలా?" అంటారు. పెంచండి. పైనీరు దిగుతుంది, కానీ 2వ మెట్టులో అడుగునీటి వయసు కుప్పకూలుతుంది. వేల ఏళ్ల లెక్కకు 35 సరైనది, పదేళ్ల లెక్కకు చాలదు. రెంటినీ ఒక్క అంకెతో కలపలేరు. మొత్తం మీద ఒక్క విషయమే గుర్తు పెట్టుకుంటానంటే దీన్నే పెట్టుకోండి. మోడల్ ఎక్కడ కుదరదో అక్కడే అది సముద్రం గురించి మీకు కొత్తగా ఏదో చెబుతోంది.

8. అడుగునీటిని పొరలుగా కోయండి

1975లో బెర్న్‌లో హాన్స్ ఓష్గర్ బృందం ఈ చిక్కును విప్పింది. లోతు నీటిని ఒకే తొట్టిగా కాకుండా, ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలుగా తీసుకుంది. పై పొరల్లోకి త్వరగా, కింది పొరల్లోకి నిదానంగా చేరుతుంది. నిలువుగా కలిసే వేగానికి వాళ్ల అంకె సెకనుకు 1.3 చదరపు సెంటీమీటర్లు, అంటే ఏడాదికి దాదాపు 4000 చదరపు మీటర్లు.

మన అంకెలు దీనికి భలే అనువుగా ఉన్నాయి. 37 పొరలు, ఒక్కోటి 100 మీటర్లు, ఒక్కో దాంట్లో 1000 గిగాటన్నులు. పక్కపక్క పొరల మధ్య మార్పిడి ఏడాదికి 400. పైనీటికీ మొదటి పొరకూ మధ్య కూడా 400. ఆఖరి పొర కింద ఏమీ లేదు, అక్కడ మార్పిడి సున్నా.

ఇక్కడ ఎక్సెల్ వదిలేయండి. గాలిని 1కి బిగించి 10,000 ఏళ్లు, మూడు నెలల మెట్టుతో నడపాలి, అంటే 40,000 మెట్లు. పైథాన్‌లో చిన్న లూప్, టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. మెట్టు మూడు నెలలు ఎందుకంటే, 100 మీటర్ల పొరలకు మెట్టు ఏడాదింపావు దాటితే లెక్క పేలుతుంది. ఇంకా సన్నగా కోద్దామని 50 మీటర్ల పొరలు పెడితే హద్దు నాలుగో వంతుకు, అంటే నాలుగు నెలల లోపుకు పడిపోతుంది. పొర సగమైతే మెట్టు నాలుగో వంతు అని గుర్తు.

సరిచూసుకునే తీరు: నిలకడ స్థితిలో 37 పొరల సగటు, పైనీటిలో 0.88 వంతు రావాలి. పాత 0.8866 పక్కనే. పైనీరు మళ్లీ 0.945. అట్టడుగు పొర 0.78, అంటే మైనస్ 220 దగ్గర. పసిఫిక్ లోతులకు ఇది ఒక్క తొట్టి కన్నా చాలా దగ్గర. ఇప్పుడు బాంబులు వదలండి. పైనీటి శిఖరం 335 నుంచి సగానికి పైగా దిగి పగడాల పట్టీలోకి వస్తుంది. పాత నిలకడ చెడలేదు, కొత్త కొలతా కుదిరింది.

9. బొగ్గు, పెట్రోలు

ఇది ప్రాజెక్టులో అడిగితేనే చేయండి. శిలాజ ఇంధనంలో కార్బన్-14 ఉండదు, ఎప్పుడో క్షయమైపోయింది. గాలి తొట్టిలో కార్బన్ కలుస్తుంది కానీ యూనిట్లు కలవవు. అందుకే నిష్పత్తి పలచబడుతుంది. స్యూస్ ఎఫెక్ట్ అంటే ఇదే. దీనికి కార్బన్‌కు వేరే కాలమ్‌లు కావాలి. గాలి నుంచి నీటికి పోయేది 70 × (గాలి కార్బన్ ÷ 600). తిరిగి వచ్చేది 70 × (1 + 10 × పైనీటి కార్బన్ పెరిగిన భాగం). ఆ 10 రెవెల్ ఫ్యాక్టర్. సముద్రపు రసాయనం వల్ల, నీటిలో కార్బన్ ఒక్క శాతం పెరిగితే గాలి వైపు ఒత్తిడి 10 శాతం పెరుగుతుంది. కార్బన్-14కు మాత్రం ఈ ప్రవాహాలను అవి బయల్దేరిన తొట్టి నిష్పత్తితో గుణించండి, అంతే. ఆ 10ని దానికి మళ్లీ వేరేగా తగిలించకండి.

పరీక్ష: బాంబులు లేకుండా నడిపితే 1950 నాటికి గాలి డెల్టా 20 దగ్గర తగ్గాలి. చెట్ల వలయాల్లో కనిపించేది అదే.

ఎక్కువగా జరిగే మిగతా తప్పులు

అర్ధాయువుల కలగాపులగం. క్షయానికి 5730, దాంతో వచ్చే 8267. "రేడియోకార్బన్ వయసు" చెప్పేటప్పుడు మాత్రం ఈ పద్ధతిని కనిపెట్టిన లిబ్బీ నాటి 5568, దాంతో వచ్చే 8033. లిబ్బీ అంకె తప్పని తేలినా పాత పట్టికలన్నీ తిరగరాయలేక అలాగే ఉంచేశారు. కలిపేస్తే 3 శాతం తేడా.

కార్బన్-13 సవరణను (తేలిక, బరువు కార్బన్‌ల మధ్య ప్రకృతి చూపే తేడాను సరిచేయడం) రెండుసార్లు చేయడం. ప్రచురించిన డెల్టాలలో అది ముందే చేసి ఉంటుంది. ఈ మోడల్‌లో మీరు మళ్లీ చేయకండి.

డెల్టాకు ఇంకో మెలిక ఉంది. కొలతల పట్టికల్లో దాన్ని 1950కి సర్దుతారు. 2020 నాటి నమూనాకు ఈ సర్దుబాటే 8 పర్ మిల్. 1964కు పట్టించుకోనక్కర్లేదు, ఇటీవలి ఏళ్లకు తప్పదు.

అన్నిటికన్నా పెద్ద తప్పు షీట్‌లో కాదు, దాన్ని చదవడంలో. బాంబు గ్రాఫ్ పన్నెండేళ్లకో సగం చొప్పున దిగుతుంది కదా, కాబట్టి మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ కూడా పన్నెండేళ్లలో సగం పోతుందని కొందరు వాదిస్తారు. మేడ మీద ట్యాంకులో నాలుగు చుక్కల నీలిమందు వేయండి. మోటారు ఆడుతోంది, కుళాయిలూ తిరుగుతున్నాయి. సాయంత్రానికి నీలం పోతుంది. ట్యాంకులో నీటి మట్టం తగ్గిందా? కార్బన్-14 ఆ నీలం. నీళ్లు నీళ్లతో మారాయి, అంతే. మట్టం తగ్గాలంటే నీళ్లు చెరువుకు చేరి అక్కడే ఉండిపోవాలి, దానికి పట్టే కాలం వేరు. 9వ మెట్టు చేసినవాళ్లు రెండు కాలమ్‌లూ పక్కపక్కన పెట్టి చూడండి. నిష్పత్తి పడిపోతూనే ఉంటుంది, కార్బన్ పెరుగుతూనే ఉంటుంది.

గవ్వ ప్రశ్న కూడా ఇక్కడే తేల్చేస్తాను, ఇది చాలాసార్లు వచ్చింది. "బెసెంట్ నగర్ బీచ్‌లో ఏరిన గవ్వను పరీక్షిస్తే 400 ఏళ్లదని వస్తుందా?" లోపలి జీవి 1950కి ముందు బతికి చచ్చిపోయి ఉంటే, అవును, చచ్చిన తేదీ కన్నా కొన్ని వందల ఏళ్ల పాతదిగా కనిపిస్తుంది. నిన్నగాక మొన్న చచ్చి ఉంటే అందులో బాంబు కార్బన్ ఉంటుంది కాబట్టి ఆ లెక్క పనికిరాదు. సముద్రపు నమూనాల వయసు సరిచేయడానికి ప్రయోగశాలలు వాడే మెరైన్20 గ్రాఫ్ వెనక ఉన్నదీ ఒక బాక్స్ మోడలే. మనదానికన్నా తొట్లు చాలా ఎక్కువ.

ఇంతా చేసి ఇంకా కుదరకపోతే నాకు రాయండి. కానీ గ్రాఫ్ స్క్రీన్‌షాట్ ఒక్కటీ పంపి "ఏంటన్నా ఇది" అంటే నేనేమీ చెప్పలేను. నాలుగు అంకెలు పంపండి: మొదటి వరస మొత్తం, బాంబులు లేకుండా 50 ఏళ్ల తర్వాత మొత్తం, మీ మెట్టు పొడవు, 1964 చివర గోడౌన్‌లో మిగిలింది. ఈ చివరిది 146 యూనిట్ల దగ్గర ఉండాలి.